చొక్కా మీది తిట్టుపేరు: చిత్ ఫూమిసక్ రెండు పుస్తకాలు, థాయ్‌లాండ్ ఉద్యమాలు

2010 మార్చిలో థాయ్‌లాండ్ రాజధాని బ్యాంకాక్‌కి ఎర్ర చొక్కాల జనం వేలాదిగా వచ్చారు. ఎక్కువమంది ఉత్తరాది, ఈశాన్య జిల్లాల పల్లెలవాళ్లు. రెండు నెలలపాటు నగరం నడిబొడ్డున, అందులో ఎక్కువ కాలం ఖరీదైన దుకాణాల సముదాయాలుండే రాచప్రసోంగ్ కూడలిలో చాపలు పరుచుకుని కూర్చున్నారు. అక్కడే వండుకున్నారు, అక్కడే పడుకున్నారు. వాళ్లలో చాలామంది చొక్కాల మీద ఒకే ఒక్క మాట అచ్చువేసి ఉంది: 'ఫ్రై'. మన హోటళ్లలో దొరికే ఫ్రై కాదు. పాత థాయ్ రాజ్యంలో దొరకు కట్టుబడి వెట్టి చేసే మామూలు మనిషికి ఆ పేరు. వెట్టి పోయి వందేళ్లు దాటినా మాట పోలేదు. మర్యాద తెలియనివాడు, అలగావాడు అనే అర్థంతో తిట్టుగా మిగిలింది. ఆ తిట్టునే వాళ్లు గుండెల మీద రాసుకుని వచ్చారు. ఎదుటివాళ్లకు పెట్టిన పేరు 'అమ్మాత్'. ఈ మాట మనకు తెలిసిందే, మన 'అమాత్యుడు'. ఓటుతో పనిలేకుండా పెత్తనం చేసే సైన్యాధిపతులు, పెద్ద జడ్జీలు, రాజుగారి సలహాదారులు, పాత అధికార కుటుంబాలు, వీళ్లంతా కలిపి అమ్మాత్.

ఆ ఏప్రిల్ 10న కాల్పులు జరిగాయి. మే 19న సైన్యం కూడలిని ఖాళీ చేయించింది. మొత్తం మీద తొంభై మందికి పైగా చనిపోయారు, సుమారు రెండు వేల మంది గాయపడ్డారు. మన పత్రికల్లో ఈ సంగతి వచ్చినంతమేరకు రంగుల కథగానే వచ్చింది. ఎర్ర చొక్కాలు, పసుపు చొక్కాలు, మధ్యలో తక్సిన్ అనే కోటీశ్వరుడు. రంగుల కథ చదివితే ఎవరు గెలిచారో తెలుస్తుంది గానీ, ఒక పల్లెటూరి ఆడమనిషి తన చొక్కా మీద తిట్టు ఎందుకు రాసుకుందో తెలియదు. అది తెలియాలంటే ఆ మాట ఎక్కడ పుట్టిందో, 2010 నాటి జనం చేతికి దాన్ని ఎవరు అందించారో చూడాలి. అందించినవాడి పేరు చిత్ ఫూమిసక్. ఆయన రాసిన రెండు పుస్తకాల గురించే ఈ వ్యాసం. ఉద్యమం ఒకదాన్ని తీసుకుంది, రెండోదాన్ని వదిలేసింది. వదిలేసినదే మనకు ఎక్కువ అవసరమని నా అభిప్రాయం.

ముందు మొదటి పుస్తకం. 1957లో బ్యాంకాక్‌లోని థమ్మసాత్ విశ్వవిద్యాలయం న్యాయశాస్త్ర సంచికలో ఒక పెద్ద వ్యాసం వచ్చింది. 'నేటి థాయ్ శక్తినా అసలు ముఖం' అని దాని పేరును మన భాషలో చెప్పుకోవచ్చు. రచయిత పేరు దగ్గర 'సోంసమై శ్రీశూద్రవర్ణ' అని ఉంది. థాయ్‌వాళ్లు పలికేటప్పుడు ఆ చివరి మాట వేరుగా వినిపిస్తుంది గానీ రాసేది మాత్రం అక్షరాలా శూద్రవర్ణమే. బౌద్ధ దేశంలో, వర్ణవ్యవస్థ లేదని చెప్పుకునే చోట, ఒక యువకుడు తన మారుపేరుగా శూద్రవర్ణాన్ని ఎంచుకున్నాడు. తిట్టును చొక్కా మీద వేసుకోవడం 2010లో మొదలు కాలేదు. దానికి యాభై మూడేళ్ల ముందే ఒకడు దాన్ని తన పేరుగా పెట్టుకున్నాడు.

ఆ యువకుడే చిత్. 1930లో పుట్టాడు. అసలు పేరును థాయ్ రాత ప్రకారం మన అక్షరాల్లో పెడితే 'చిత్ర భూమిశక్తి' అవుతుంది. భాషాశాస్త్రంలో దిట్ట, ఖ్మేర్ శాసనాలు చదవగలడు. చూలలోంగ్‌కోర్న్ విశ్వవిద్యాలయంలో చదివేటప్పుడు, 1953లో, తాను సంపాదకత్వం వహించిన వార్షిక సంచికలో అభ్యుదయ వ్యాసాలు వేశాడని సాటి విద్యార్థులే నిండు సభలో వేదిక మీంచి కిందికి తోసేశారు. 1958లో సైనిక నియంత సరిత్ ప్రభుత్వం జైల్లో పెట్టింది. ఆరేళ్ల తర్వాత, 1964 చివర బయటికొచ్చాడు. మరుసటి ఏడు ఈశాన్యపు అడవుల్లోకి, కమ్యూనిస్టు పార్టీ దళాల్లోకి వెళ్లాడు. 1966 మే 5న సకోన్ నఖోన్ జిల్లాలోని ఒక పల్లె దగ్గర కాల్చి చంపారు. అప్పటికి వయసు ముప్పై అయిదు.

'శక్తినా' అనే మాటలో 'శక్తి' మనదే. 'నా' అంటే థాయ్‌లో వరిమడి. మడి మీద శక్తి, అంతే. పదిహేనో శతాబ్దంలో అయుత్తయా రాజ్యం చేసిన చట్టాల ప్రకారం ప్రతి మనిషికీ మడి లెక్కలో ఒక అంకె ఉండేది. యువరాజుకు లక్ష. పెద్ద మంత్రికి పదివేలు. చిన్న అధికారికి నాలుగు వందలు. ఫ్రైకి పాతిక నుంచి పది. బానిసకు, బిచ్చగాడికి అయిదు. రాజుకు అంకే లేదు, ఎందుకంటే ఆయనకు కొలత లేదు. అంత భూమి నిజంగా చేతిలో ఉందని కాదు, మనిషి విలువకు అది కొలబద్ద. ఎవరినైనా కొడితే కట్టాల్సిన జరిమానా కూడా ఆ అంకెను బట్టే. ఫ్రై ఎవరి కింద పనిచేయాలో తెలిసేలా మణికట్టు మీద పచ్చబొట్టు పొడిచేవారు. పశువుకు వాత పెట్టినట్టు. రాజుగారికో, దొరకో ఏడాదిలో కొన్ని నెలలు ఊరికే పనిచేయాలి, పిలిస్తే యుద్ధానికి పోవాలి. 1905లో బానిసత్వం రద్దయింది, ఆ కాలంలోనే వెట్టి స్థానంలో సైన్యంలో నిర్బంధ కొలువు, పన్ను వచ్చాయి.

పాఠ్యపుస్తకాల్లో ఇదంతా దయగల రాజులు ప్రజలను బిడ్డల్లా చూసుకున్న కథ. చిత్ ఆ కథను తిరగేశాడు. బానిసలను విడిపించింది దయ కాదనీ, మారిన వ్యాపారానికి కట్టుబడిన మనిషి కంటే కూలి మనిషి లాభమనీ వాదించాడు. శక్తినా చట్టం పోయినా దాని బుద్ధి పోలేదన్నాడు. రెవెన్యూ కచేరీలో రైతు నేలమీద కూర్చుని అధికారిని వేడుకోవడంలో, కౌలు కింద సగం పంట పోవడంలో అది బతికే ఉందన్నాడు. అప్పట్లో ఈ పుస్తకాన్ని తొక్కిపెట్టారు. 1973 అక్టోబర్ 14న విద్యార్థులు నియంతలను దించిన తర్వాత మళ్లీ అచ్చయి చేతులు మారింది. 1987లో క్రెయిగ్ రేనాల్డ్స్ ఇంగ్లీషులోకి అనువదించాడు. 2010 నాటికి పుస్తకం చదవనివాళ్ల నోట కూడా దాని పదాలున్నాయి. ఒక పుస్తకానికి అంతకంటే ఏం కావాలి?

అయితే విమర్శకులు ఒకమాట అడుగుతారు: 2010లో వచ్చినవాళ్లు నిజంగా ఫ్రైలేనా? వాళ్ల చేతుల్లో సెల్‌ఫోన్లున్నాయి, ఊళ్లో పికప్ బండి ఉంది. నాయకుడు టెలిఫోన్ కంపెనీ యజమాని. ఈ ప్రశ్న ఊరికే కొట్టేయాల్సింది కాదు. ఆండ్రూ వాకర్ అనే పరిశోధకుడు ఉత్తరాది పల్లెలో ఉండి 2012లో రాసిన పుస్తకంలో, నేటి థాయ్ రైతు కడుపేద కాదు, నడిమి ఆదాయంవాడు అంటాడు. ప్రభుత్వానికి దూరంగా ఉండడం కాదు, ప్రభుత్వాన్ని తనవైపు లాక్కోవడం అతని రాజకీయం అంటాడు. సరే. కానీ ఫ్రై అనే మాట ఆకలి గురించి కాదు, అంకె గురించి. 2001లో తక్సిన్ ప్రభుత్వం వచ్చి ముప్పై బాట్లకు ఆస్పత్రి వైద్యం ఇచ్చింది, ఊరికి పది లక్షల బాట్ల నిధి ఇచ్చింది. పల్లెవాళ్లకు తమ ఓటుకు ఫలితం మొదటిసారి కంటికి కనిపించింది. 2006 సెప్టెంబర్ 19న సైన్యం ఆ ప్రభుత్వాన్ని కూలదోసింది. 2007లో మళ్లీ గెలిపిస్తే కోర్టు పార్టీనే రద్దు చేసింది. 2008లో పసుపు చొక్కాల నాయకులు పార్లమెంటులో నూటికి డెబ్బై మందిని నియమించాలి, ముప్పై మందినే ఎన్నుకోవాలి అన్నారు. పల్లెవాళ్లకు చదువు లేదు, ఓటు అమ్ముకుంటారు, అందుకని. ఎర్ర చొక్కాలను 'ఎర్ర ఖ్వాయ్' అని పిలిచారు. ఖ్వాయ్ అంటే గేదె, థాయ్‌లో మొద్దుబుర్ర అని తిట్టు. లక్ష, పదివేలు, పాతిక, అయిదు అని మనుషులకు అంకెలు వేసిన బుద్ధికీ, డెబ్బై ముప్పై అని ఓటుకు అంకె వేసిన బుద్ధికీ తేడా ఎంత? బండి కొనుక్కున్నవాడికి కూడా ఆ అంకె గుచ్చుకుంటుంది. నిజానికి అలాంటివాడికే ఎక్కువ గుచ్చుకుంటుంది.

ఇక్కడిదాకా మొదటి పుస్తకం బాగా పనిచేసింది. దాని లోపం కూడా దాని పేరులోనే ఉంది. 'నా' అంటే మడి అని చెప్పుకున్నాం. నీరు కట్టి వరి పండించే పల్లపు నేల. కొండమీది పోడుకు థాయ్‌లో వేరే మాట ఉంది, 'రై'. (భూమి కొలతకూ ఇదే మాట వాడతారు, అది వేరే సంగతి.) చిత్ చెప్పిన వర్గ చరిత్ర పల్లపు మడి చుట్టూ తిరుగుతుంది. ఆదిమ సమాజం, బానిసత్వం, శక్తినా, పెట్టుబడి అని ఆ రోజుల్లో సోవియట్ పుస్తకాలు నేర్పిన మెట్లను ఆయన తన దేశానికి వేశాడు. ఆ మెట్లెక్కేవాళ్లలో దొర ఉన్నాడు, ఫ్రై ఉన్నాడు, బానిస ఉన్నాడు. పోడు కొట్టుకుని బతికే కరెన్, లువా, ఖ్ము, లాహు మనుషులు మొదటి మెట్టు దగ్గరే, గతంలోనే ఆగిపోతారు. ఇలాంటి చరిత్ర మనకూ పరిచయమే. ఆదివాసుల గురించి వర్గ దృష్టితో రాసిన పుస్తకాల్లో సగం మనల్ని 'పూర్వం' అనే అధ్యాయంలో పెట్టి, తర్వాతి అధ్యాయాల్లో మరిచిపోతాయి.

కానీ చిత్ అక్కడ ఆగిపోలేదు. అందుకే ఆయనంటే గౌరవం. బ్యాంకాక్‌లోని లాత్ యావ్ జైల్లో ఉండగా ఆయన ఇంకో పుస్తకం రాశాడు. ఆయన చనిపోయిన పదేళ్లకు, 1976లో అచ్చయింది. పేరు పొడుగ్గా ఉంటుంది: సయాం, థాయ్, లావో, ఖోమ్ అనే మాటల పుట్టుక, జాతుల పేర్ల సామాజిక స్వభావం. ఆ పేరులోని రెండో సగం చూడండి. ఒక జాతి పేరు ఎక్కణ్నుంచి వచ్చిందని మాత్రమే ఆయన అడగలేదు. ఆ పేరు ఎవరు పెట్టారు, ఎవరు ఎవరిని ఏ చూపుతో పిలిచారు అని అడిగాడు. పేరు అంటే ధ్వని మాత్రమే కాదనీ, ఆ పేరు పుట్టిన రోజున ఎవరు పైన ఉన్నారో, ఎవరు కింద ఉన్నారో అందులో దాగి ఉంటుందనీ ఆ పుస్తకం మొత్తం చెబుతుంది.

ఉదాహరణకు 'ఖా'. మెకాంగ్ నదికి అటూ ఇటూ కొండల్లో ఉండే మోన్-ఖ్మేర్ భాషల జనాలందరినీ లావో, థాయ్ పల్లపువాళ్లు శతాబ్దాలుగా ఖా అన్నారు. ఖా అంటే దాసుడు, బానిస. జాతి పేరూ అదే, బతుకు పేరూ అదే. అదే జనం తమను తాము ఏమని పిలుచుకుంటారు? ఖ్ము అంటారు. వాళ్ల భాషలో ఖ్ము అంటే మనిషి. కరెన్ జనంలో స్గా శాఖవాళ్లు తమను 'ప్గా కన్యా' అంటారు. దానికీ మనిషి అనే అర్థం. మన గోండులు, కోయలు తమను కోయితూర్ అనుకుంటారు కదా, దాని అర్థం కూడా అదే. మనిషి తనకు మనిషి అని పేరు పెట్టుకుంటాడు. పక్కనున్న బలవంతుడు వచ్చి దానిమీద ఇంకో పేరు రాస్తాడు. చిత్ జైలు గదిలో కూర్చుని పట్టుకున్న సూత్రం ఇదే. ఫ్రై మణికట్టు మీది పచ్చబొట్టు ఒంటిమీద రాత అయితే, ఖా అనేది జాతి మొత్తం మీద రాత.

ఇదే కళ్లద్దం పెట్టుకుని ఎర్ర చొక్కాల సొంత ఊరిని చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. వాళ్లలో ఎక్కువమందిది ఈసాన్. దేశ జనాభాలో సుమారు మూడో వంతు. ఈసాన్ అంటే మన 'ఈశాన్యం'. అది దిక్కు పేరు, మనుషుల పేరు కాదు. అక్కడి జనం మాట్లాడేది లావో భాష. పంతొమ్మిదో శతాబ్దం చివరిదాకా బ్యాంకాక్ పాలకులే ఆ ప్రాంతాలను లావో సీమలని పిలిచారు. మెకాంగ్ అవతలి ఒడ్డు ఫ్రెంచివాళ్ల చేతికి పోయింది. లావోలందరూ మావాళ్లేనని వాళ్లు ఇవతలి ఒడ్డునూ అడుగుతారేమోనని భయం పుట్టి, పరిపాలన పేర్లలోంచి లావో అనే మాటను తీసేసి దిక్కు పేరు పెట్టారు. జనం పేరు కాగితం మీంచి పోయింది. అయితే తిట్టేటప్పుడు మాత్రం 'లావో' అనే మాట బ్యాంకాక్‌లో ఈనాటికీ గుర్తుకొస్తుంది. గౌరవానికి పనికిరాని పేరు వెక్కిరింతకు పనికొచ్చింది.

ఆ పేర్ల మార్పు జరిగిన రోజుల్లోనే తిరుగుబాటు కూడా వచ్చింది. 1901లో లావోస్ దక్షిణాన బోలవెన్ పీఠభూమిలో ఫ్రెంచివాళ్ల పన్నుల మీద, వెట్టి మీద 'ఖా' జనం లేచారు. నాయకుడు ఓంగ్ కేవ్, అలాక్ జాతివాడు. ఆ నిప్పు నది దాటి ఉబోన్ సీమలోని లావో రైతుల్లోకి వచ్చింది. వాళ్ల నాయకులను 'ఫీ బున్' అన్నారు. బున్ అంటే పుణ్యం. పుణ్యాత్ముడొస్తాడు, గులకరాళ్లు బంగారం అవుతాయి, బంగారం గులకరాయి అవుతుంది అని ఊరూరా చెప్పుకున్నారు. పన్ను కట్టడానికి రొక్కం లేని జనానికి అంతకంటే సూటి అర్థశాస్త్రం ఏముంటుంది? 1902లో ఖెమ్మరాత్ పట్టణాన్ని దోచారు. ఆ ఏప్రిల్‌లో సఫూ అనే ఊరి దగ్గర సయాం సైన్యం ఫిరంగులతో రెండు వందల మందికి పైగా చంపింది. థాయ్ చరిత్ర పుస్తకాల్లో దీన్ని మూఢనమ్మకాల అల్లరి అన్నారు. నేను దీన్ని ఇక్కడ ఎత్తడానికి కారణం వేరు. కొండమీది 'ఖా', పల్లంలోని 'లావో' ఒకే పోరాటంలో నిలబడిన సందర్భం ఇది. తర్వాతి వందేళ్లలో ఆ కలయిక చాలా అరుదు.

ఎందుకు అరుదైందో చూడాలంటే 1976కి రావాలి. ఆ అక్టోబర్ 6న థమ్మసాత్ విశ్వవిద్యాలయంలో పోలీసులు, కిరాయి మూకలు విద్యార్థులను చంపారు. బతికిన వేలాది మంది అడవులకు పోయారు. అడవి అంటే ఖాళీ చోటు కాదు. ఉత్తరాది కొండల్లో వాళ్లకు దారి చూపినవాళ్లలో, బియ్యం మోసినవాళ్లలో, పక్కన నిలబడి తుపాకి పట్టినవాళ్లలో హ్మోంగ్ జనం ఎక్కువ. 1960ల చివరినుంచే హ్మోంగ్ ఊళ్ల మీద ప్రభుత్వం బాంబులు వేస్తోంది. 'ఎర్ర మేవ్' అని పేరు పెట్టింది, మేవ్ అనేది హ్మోంగ్‌లు ఇష్టపడని పేరు. 1980లో ప్రధాని కార్యాలయం 66/2523 నంబరు ఆదేశంతో దిగివచ్చినవాళ్లకు క్షమాభిక్ష అంది. విద్యార్థులు దిగివచ్చారు. చదువులు పూర్తిచేశారు, ప్రొఫెసర్లయ్యారు, రచయితలయ్యారు, కొందరు మంత్రులయ్యారు. వాళ్లకు తిరిగి వెళ్లడానికి ఒక ఊరుంది. హ్మోంగ్‌లు ఎక్కడికి దిగాలి? వాళ్ల ఊరే అది. దళాల స్థావరం ఉన్న ఫూ హిన్ రోంగ్ క్లాను 1984లో జాతీయ పార్కుగా ప్రకటించారు. ఆనాటి రాజకీయ పాఠశాల గుడిసెలను ఇప్పుడు టిక్కెట్టు కొని చూసి రావచ్చు. అడవికి వచ్చిన చదువుకున్నవాళ్లు జ్ఞాపకాలు రాశారు. ఆ జ్ఞాపకాల్లో హ్మోంగ్‌లు మంచివాళ్లు, అమాయకులు, బరువులు మోసేవాళ్లు. ఈ రకం జ్ఞాపకాలను మన యువకులకు నేను పరిచయం చేయనక్కరలేదు.

కొండ జనానికి రాజ్యం పెట్టిన పేరు 'చావ్ ఖావ్'. కొండవాళ్లు అని అర్థం. అమాయకంగానే కనిపిస్తుంది. 1959లో వాళ్ల 'సంక్షేమం' కోసం కేంద్ర కమిటీ వేసినప్పటినుంచీ ఇది ప్రభుత్వ పదమైంది. ఎవరి భాషా, చరిత్రా వేరువేరో వాళ్లందరినీ కొండ అనే ఒక్క మాటలో కుక్కేశారు. ఆ వెంటనే 1961లో జాతీయ పార్కుల చట్టం, 1964లో రిజర్వు అడవుల చట్టం. కొండవాడు అనే పేరు పెట్టిన రాజ్యమే కొండ నీది కాదంది. పోడుకు కూడా ఒక పేరు పెట్టింది: 'రై లువెన్ లోయ్', అంటే ఎక్కడికక్కడ కొట్టుకుపోయే, దిక్కులేని సేద్యం. కరెన్‌లు దాన్ని ఒప్పుకోరు. 'రై మున్ వియెన్' అంటారు, అంటే తిరిగివచ్చే సేద్యం. ఒక చెక్క పండించి, దాన్ని ఏళ్లపాటు వదిలేసి, అడవి పెరిగాక మళ్లీ అక్కడికే వస్తారు. ఒకటే చేను, రెండు పేర్లు. మొదటి పేరు ఒప్పుకుంటే అటవీశాఖ కేసు గెలుస్తుంది. రెండోది ఒప్పుకుంటే చేను ఊరిది అవుతుంది. టీచర్లు ఈ రెండు మాటలను తరగతిలో పెట్టి, 'పోడు' గురించి మన పాఠాల్లో ఏ మాటలున్నాయో పిల్లలచేత వెతికిస్తే బాగుంటుంది.

ఇప్పుడు 2010 చొక్కాల దగ్గరికి మళ్లీ వద్దాం. ఫ్రై అని రాసుకున్న జనం ప్రేమించిన ప్రభుత్వమే 2003లో 'మాదకద్రవ్యాల మీద యుద్ధం' పేరుతో మూడు నెలల్లో రెండు వేలమందికి పైగా జనం చావును చూసింది. విచారణ లేదు, కోర్టు లేదు. కొండజాతుల ఊళ్లు కూడా ఆ దెబ్బ తిన్నాయి, ఎందుకంటే కొండవాడంటే నల్లమందువాడు అని అప్పటికే పేరు వేసి ఉంది. 2004 అక్టోబర్‌లో దక్షిణాన తాక్ బాయ్‌లో మలయ్ ముస్లింలు నిరసన చేస్తే, పట్టుకుని లారీల్లో ఒకరి మీద ఒకరిని పేర్చి తీసుకుపోయారు. ఊపిరాడక చనిపోయినవాళ్లే డెబ్బై ఎనిమిది మంది. రాచప్రసోంగ్ వేదిక మీద అమ్మాత్‌ల రెండు నీతుల గురించి గంటలు గంటలు మాట్లాడారు, న్యాయంగానే మాట్లాడారు. ఈ చావుల ఊసు మాత్రం ఆ వేదిక మీద పెద్దగా లేదు. ఫ్రై అనే మాట గొప్ప మాటే. అయినా దానికొక షరతుంది: ఫ్రై కావాలంటే ముందు రాజ్యం లెక్కలో పాతికో పదో అంకె ఉండాలి. చావ్ ఖావ్‌లో ఎందరికో గుర్తింపు కార్డే లేదు. 2020 నాటికి థాయ్‌లాండ్ లెక్కల్లోనే ఏ దేశ పౌరసత్వమూ లేనివాళ్లు నాలుగున్నర లక్షలకు పైగా ఉన్నారు, వాళ్లలో కొండజాతులవాళ్లు చాలామంది. అమ్మాత్‌ను దించితే ఫ్రై పౌరుడవుతాడు. అంకే లేనివాడు ఏమవుతాడు?

దీనికి భిన్నమైన ఉదాహరణ ఒకటి ఉంది గనక చెప్పాలి. ప్రపంచబ్యాంకు అప్పుతో ఉబోన్ దగ్గర మూన్ నది మీద కట్టిన పాక్ మూన్ ఆనకట్ట 1994లో పూర్తయింది. 136 మెగావాట్ల కరెంటు కోసం. నదిలో చేపలు పోయాయి, చేపలు పట్టేవాళ్ల బతుకులూ పోయాయి. ఆ పోరాటంలోంచి 1995లో 'సమచ్చా ఖోన్ చోన్' పుట్టింది, అంటే పేదల సభ. 1997లో ఇరవై వేల మంది బ్యాంకాక్‌లో ప్రభుత్వ కార్యాలయం ముందు తొంభై తొమ్మిది రోజులు కూర్చున్నారు. ఆనకట్ట ముంపువాళ్లతో పాటు అడవి నుంచి గెంటేసిన కొండ జనం, మురికివాడల వాళ్లు, ఫ్యాక్టరీ రోగులు కలిసి కూర్చున్నారు. వాళ్లు తమకు ఫ్రై అని పేరు పెట్టుకోలేదు, పేదలు అనుకున్నారు. చప్పటి మాటే. చరిత్ర బరువు లేదు, చొక్కా మీద వేస్తే మెరవదు. కానీ దానిలో అంకె లేనివాడికి కూడా చోటుంది. ఎర్ర చొక్కాల గురించి రాసే పండితులు ఈ తొంభై తొమ్మిది రోజులను ఒక వాక్యంలో దాటేయడం నాకు నచ్చదు.

2020లో వచ్చిన యువకుల ఉద్యమం పేరు విషయంలో ఇంకో అడుగు వేసింది. రాజకీయ పార్టీని కోర్టు రద్దు చేసిందన్న కోపంతో కాలేజీల్లో మొదలై, ఆగస్టు నాటికి రాజరికాన్నే సంస్కరించాలనే డిమాండ్ల దాకా పోయింది. ఆ దేశంలో శిక్షాస్మృతి 112 కింద ఆ మాట అంటేనే ఏళ్ల తరబడి జైలు. ఆ మాటను ముందుగా బాహాటంగా అన్నవాళ్లలో ఒకరైన న్యాయవాది ఆనోన్ నంపా ఈసాన్‌లోని రోయ్ ఎత్ జిల్లా రైతు కుటుంబం నుంచి వచ్చాడు. జైలుకూ పోయాడు. ఉద్యమం తనకు పెట్టుకున్న పేరు 'రాత్సదోన్'. 1932 జూన్ 24న రాజు నిరంకుశాధికారాన్ని అంతం చేసిన బృందం పేరు కూడా అదే. మాట మూలం మన 'రాష్ట్రం'. ఫ్రై అంటే దొరకు చెందినవాడు. రాత్సదోన్ అంటే రాజ్యానికి చెందినవాడు, ఇంకా ముందుకు లాగితే రాజ్యం ఎవరికి చెందుతుందో ఆ మనిషి. చిత్ జైల్లో రాసిన 'శ్రద్ధా తారల వెలుగు' పాటను ఈ పిల్లలు కూడా పాడారు.

ఈసారి వాళ్లు కొండవైపు కూడా చూశారు. ఆ సంగతి చెప్పాలంటే పెచబురి జిల్లా కేంగ్ క్రచాన్ అడవిలోని కరెన్‌ల గురించి చెప్పాలి. బాంగ్ క్లోయ్, దానికి ఎగువన 'చాయ్ ఫెన్ దిన్' వాళ్ల పాత ఊళ్లు. రెండో పేరుకు నేల గుండె అని అర్థం. 1996లో పార్కు అధికారులు కిందికి దింపారు. కిందిచ్చిన నేల రాళ్లు, వరి పండదు. కొందరు తిరిగి ఎక్కారు. 2011లో సుమారు వంద ఇళ్లను, ధాన్యం కొట్లను తగలబెట్టారు. కాల్చినవాటిలో కో-ఈ మీమీ అనే ముసలాయన ఇల్లు కూడా ఉంది. అప్పటికే ఆయనకు దాదాపు వందేళ్లు. చావ్ ఖావ్ అనే ప్రభుత్వ మాట పుట్టేనాటికే ఆయన నడివయసువాడు. కేసు వేయడంలో ఊరికి సాయపడిన ఆయన మనవడు పోలాజీ రక్‌చోంగ్‌చరోన్, అందరూ బిల్లీ అంటారు. 2014 ఏప్రిల్‌లో అడవితేనె ఉందని పార్కు అధికారులు అతణ్ని ఆపారు. ఆ తర్వాత మళ్లీ కనబడలేదు. 2019లో రిజర్వాయరు అడుగున ఒక డ్రమ్ము దొరికింది, దగ్గర్లో కాలిన ఎముక దొరికింది, అది అతనిదేనని ప్రత్యేక దర్యాప్తు విభాగం ప్రకటించింది. 2023లో కోర్టు పార్కు మాజీ అధికారిని హత్య నేరం నుంచి వదిలేసి, పట్టుకున్న మనిషిని పోలీసులకు అప్పగించనందుకు మూడేళ్ల శిక్ష వేసింది.

2018 జూన్‌లో అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం ఇళ్లు తగలబెట్టడం చట్టవిరుద్ధమని, పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. తిరిగి వెళ్లడానికి మాత్రం ఒప్పుకోలేదు. కో-ఈ తాత ఆ అక్టోబర్‌లో కిందనే చనిపోయాడు.

2021 జనవరిలో బాంగ్ క్లోయ్ కుటుంబాలు కొన్ని పిల్లాపాపలతో మళ్లీ పైకి నడిచాయి. అధికారులు హెలికాప్టర్లలో దింపారు, మార్చిలో ఇరవై మందికి పైగా అరెస్టు చేశారు. ఆ ఫిబ్రవరి, మార్చి నెలల్లో బ్యాంకాక్ ప్రభుత్వ కార్యాలయం దగ్గర కరెన్‌లు కూర్చుంటే, రాత్సదోన్ పిల్లలు వచ్చి పక్కన కూర్చున్నారు. చదువుకున్నవాళ్లు అడవికి వెళ్లి కొండవాళ్ల అన్నం తిన్న కాలానికి ఇది ఎదురు నడక. ఆ జులైలోనే కేంగ్ క్రచాన్ అడవిని యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది.

2025లో థాయ్ పార్లమెంటు కొండ, సముద్ర జనాల జీవన విధానాల రక్షణకంటూ ఒక చట్టం చేసింది. ఆ జనం సంఘాలు ఎన్నో ఏళ్లుగా అడిగిన పేరు 'చోన్ ఫావ్ ఫూన్ మువాంగ్', అంటే ఈ నేలకు మొదటివాళ్లు, ఆదివాసులు. చట్టం పెట్టిన పేరు 'క్లుమ్ చాతిఫన్', జాతి సమూహాలు. మొదటి పేరు ఒప్పుకుంటే నేల ఎవరిదనే ప్రశ్న వస్తుంది గనక దాన్ని పక్కన పెట్టారు.